మూతకు తొమ్మిది బోల్టులు

మంగళవారం ఉదయం 9.40. బాయిలర్ గదిలో ఆవిరి గొట్టం పగిలింది. పక్కనే నిలబడ్డ ఫిట్టర్ అక్కడికక్కడే చనిపోయాడు.

గేజీ ముల్లు పన్నెండు బార్ దగ్గర ఇరుక్కుపోయింది. అంత ప్రెషర్ పెట్టినవాడు బాయిలర్ ఆపరేటర్. చనిపోయినవాడికి స్వయానా బావ.

బుధవారం మధ్యాహ్నం 3.15కి కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నాలుగింటికల్లా ఆపరేటర్‌ని అరెస్టు చేయాలని మేనేజర్ తొందరపెడుతున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కాతో బాయిలర్ మాన్యువల్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఎనిమిది వందల పేజీలు.

"ప్రెషర్ తొమ్మిది బార్ దాటకూడదు. మూడొందల నలభై చోట్ల ఉంది. ఒక్కచోట చదివినా మనిషి బతికేవాడు. వీళ్ళు చదివితేగా."

"ఆ పుస్తకంలో పన్నెండనే ఉండేది మేడమ్," అన్నాడు ఆపరేటర్. "రోజూ చూసేవాణ్ణి."

"అచ్చులో ఉన్నదాన్నీ కాదంటాడు. ఇదండీ వీళ్ళ వరస."

ఆపరేటర్ భార్య గోడవారగా నిలబడింది. పోయినవాడు ఆమె తమ్ముడు. పొద్దున మేనేజర్ ఆమెకీ ఆ పుస్తకం చూపించాడు. అప్పట్నుంచీ ఆమె మొగుడి మొహం చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇరవై నిమిషాలు పేజీలు తిప్పింది. లేచి బాయిలర్ మూత చుట్టూ చేత్తో తడిమింది. మాన్యువల్ తయారుచేసిన డీటీపీ అతన్ని పిలిపించింది. అతను 3.50కి వచ్చాడు.

"ఒకే అంకెని ఇన్నిచోట్ల కొడతావా?"

"కొట్టం మేడమ్. మొదటి ఫైల్లో ఒక పేరు పెట్టి దానికి విలువ ఇస్తాం. పుస్తకమంతా అంకె బదులు ఆ పేరే వాడతాం. మొదట్లో ఒక్కసారి మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది."

"ఆ పేరు ఎక్కడెక్కడ పెట్టావు?"

"ఆ అంకె కనిపించిన ప్రతిచోటా. ఒకేసారి పెట్టేశాను."

"చదవకుండానే?"

"ఎనిమిది వందల పేజీలు మేడమ్."

"చదవని వాళ్ళు ఈ గదిలో చాలామందే ఉన్నారు." ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "412వ పేజీ. మూడో లైను. పైకి చదవండి."

"మూతను తొమ్మిది బోల్టులతో బిగించాలి."

"ఇదే ఆ మూత. లెక్కపెట్టండి."

పసిపిల్లలకి నేర్పుతున్నట్టు వేలు ఆడిస్తూ మొదలుపెట్టాడు. తొమ్మిది దాకా గొంతు ఖంగుమంది. తర్వాత ఆగిపోయింది.

"ఆగారేం? పది. బళ్ళో చెప్పే ఉంటారు."

"పది... పదకొండు... పన్నెండు."

"పుస్తకంలో మొదట ప్రెషర్ పన్నెండు. బోల్టులూ పన్నెండే. ఇతను చూసుకోకుండా రెండింటికీ ఒకే పేరు పెట్టాడు. మీరు పుస్తకంలో ప్రెషర్‌ని తొమ్మిది చేయించారు. దాంతోపాటు మూతకి మూడు బోల్టులు ఊడిపోయాయి."

"అది అచ్చుతప్పు."

"ఎప్పుడు మార్చావయ్యా?" ఇన్‌స్పెక్టర్ డీటీపీ అతన్ని అడిగింది.

డీటీపీ అతను తల దించుకున్నాడు. "నిన్న పదకొండూ ఇరవైకి. సారే ఫోన్ చేశారు. పాత కాపీ చించేయమన్నారు."

"మనిషి పోయిన గంటా నలభై నిమిషాలకి." ఇన్‌స్పెక్టర్ మేనేజర్ దగ్గరికొచ్చింది. "తొమ్మిది దాటకూడదని మీకు నిన్నే తెలిసిందా? మొదట్నుంచీ తెలుసా?"

"తొమ్మిదికి దించి ఉత్పత్తి తగ్గితే పైవాళ్ళు నన్నే కదా అడిగేది," అన్నాడు మేనేజర్. అంత గొప్ప మనిషికీ దొరికిన సమాధానం అదొక్కటే.

కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఆపరేటర్ భార్య గోడ వదిలి వచ్చి మేనేజర్ ఎదురుగా నిలబడింది.

"నాకు చదువు రాదు. అంకెలొచ్చు. అందుకే పొద్దున తొమ్మిదొక్కటే చూపించావు."

ఆమె అతన్ని దాటి మొగుడి దగ్గరికెళ్ళింది. భుజం కింద చెయ్యి వేసి అతన్ని స్టూలు మీంచి లేపింది.

"తమ్ముణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తేవాలి," అంది. "నాతో రా."