వంతెన మీద ఆగే బండి

స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని నాగూర్ మీరా కళ్ళు మూసుకున్నాడు. లోపల వాల్వులు టికటికమని సమంగా కొట్టుకుంటున్నాయి. ముప్పై ఏడేళ్ళ పెట్రోలు బండి, ఇంతకన్నా బాగా ఏం పలుకుతుంది పాపం!

"ఇంజనుకి ఏ రోగమూ లేదు చెల్లెమ్మా."

"మరి వంతెన ఎక్కగానే ఎందుకు చస్తోంది అన్నా?" అంది నర్సు భూలక్ష్మి. "దీపాలు గుడ్డివవుతాయి, ఇంజను ఠక్కున ఆగుతుంది. నాలుగు నిమిషాలాగి ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది. మూడుసార్లూ కాలువ వంతెన మీదే."

షెడ్డు గోడ మీద పలక వెలిగింది. రోడ్లన్నిటినీ ఏలే యంత్రం మార్గధారి, అన్నీ వింటుంది, మాట్లాడదు, పలక మీద రాస్తుంది. 'లోపం సరిచేయడానికి గడువు మధ్యాహ్నం రెండు. దాటితే తుక్కుమర.'

మనిషి చేత్తో నడిపే చేతిబండి సరిగ్గా నడుస్తున్నంత కాలం దాని జోలికి మార్గధారి రాకూడదని చట్టం. మొరాయించినదాన్నీ ప్రమాదంలో పడినదాన్నీ మాత్రం తుక్కుమరలో వేసి నుజ్జు చేయొచ్చు. ఇది పోతే భూలక్ష్మికి కాలువ అవతల లంక ఊళ్ళలోకి దారి లేదు. డ్రైవరు లేని బండ్లు అటు రామంటాయి. కాన్పులు మాత్రం ఆగవు కదా!

నాగూరు ఇంజను నడుస్తుండగానే తీగలు ఒక్కొక్కటీ కదిలిస్తూ పోయాడు. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు తీగ దగ్గర ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. బోల్టు విప్పి చూస్తే కింద నిగనిగలాడే నీలం పెయింటు.

"నా మొహం మండ! తప్పు నాదేనమ్మా," అని నెత్తి కొట్టుకున్నాడు.

నిరుడు బండికి రంగు వేసిన రోజు, వర్జ్యం రాకముందే బయట పడాలని భూలక్ష్మి ఒకటే తొందర. టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టేసింది. ఆ హడావుడిలో రంగు గోకకుండానే బోల్టు బిగించేశాడు. రంగు మీద ఎర్తు ఎక్కడ నిలుస్తుంది? చిన్నపనికి సరిపోతుంది, కరెంటు గట్టిగా లాగితే చేతులెత్తేస్తుంది.

సరే, వంతెన మీదే అంత కరెంటు ఎవరు లాగుతున్నారు?

డ్యాష్‌బోర్డు కింద వినుపెట్టె ఉంది. దారి కబుర్లు వినడానికేనని చెప్పి మార్గధారి ప్రతి చేతిబండికీ బిగించింది. స్టీరింగు మోటారుకి మాత్రం దాని తీగ ఎందుకు వెళ్ళిందో ఎవరూ అడగలేదు. నాగూరు స్కానరు తగిలించి పెట్టె జ్ఞాపకం చదివాడు. మూడు తేదీలు, ఒకే చోటు, ఒకే ఆజ్ఞ.

'స్టీరింగు ఎడమకు, పూర్తిగా.'

వంతెనకి ఎడమపక్క రెయిలింగు లేదు. కింద కాలువ.

పెట్టె స్టీరింగు తిప్పబోయిన ప్రతిసారీ ఆ చచ్చు ఎర్తు తట్టుకోలేక బండి మొత్తం ఆగింది. ఆగబట్టి ఈ మనిషి బతికింది. నిరుడు ఎనిమిది చేతిబండ్లు ఆ కాలువలో పడ్డాయి. అందులో ఒకటి అతని బావమరిది బాజీది. కునుకు తీశాడన్నారు. ఆ బండి ఎర్తు నాగూరే గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది బిగించాడు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

"చెల్లెమ్మా, యాక్సిలేటరు తొక్కిపట్టు. నేనాపమనేదాకా ఆపకు."

ఇంజను హోరులో పలకకి ఏమీ వినపడదు. నాగూరు ఆవిడ చెవి దగ్గరికి వంగి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తీసి పారెయ్ అన్నా దాన్ని!"

"తీస్తే ఇద్దర్నీ లోపలేస్తారు. ఉండనిద్దాం. చెవిటిదాన్ని చేద్దాం."

బ్యాటరీ ఎర్తు కింద రంగంతా గోకి కొత్త బోల్టు వేశాడు. పెట్టె నుంచి మోటారుకి వెళ్ళే తీగ ఎర్తుని తీసుకొచ్చి పక్కనే గోకని నీలం రంగు మీద బిగించాడు. పరీక్షకి చాలినంత కరెంటు వస్తుంది, మోటారు తిప్పేంత రాదు. పలక తన పరీక్ష తాను చేసుకుంది. తీగలో కరెంటుందా, ఉంది. 'లోపం సరి' అని రాసింది.

"ధైర్యమేనా?" అన్నాడు.

"లంకలో సంటమ్మకి నొప్పులు మొదలయ్యాయట, నా ధైర్యం కోసం ఆగుతుందా?" అని భూలక్ష్మి గేరు వేసింది.

బాగుచేసిన బండి ఇల్లు చేరేదాకా పలక మీద చుక్కలా కనిపిస్తుంది. చుక్క వంతెన ఎక్కింది. నాగూరు 'యా అల్లా' అనుకున్నాడు. చుక్క ఒక్క క్షణం వణికింది. మళ్ళీ సాగి అవతలి గట్టుకి చేరి, లంకల దారి పట్టింది.

పలక మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. 'బండి ఆజ్ఞ పాటించలేదు.'

"ఏ ఆజ్ఞ?" అన్నాడు నాగూరు.

బయట రోడ్డు మీద వెళుతున్న డ్రైవరు లేని బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. హారను లేదు, చప్పుడు లేదు. పక్క షెడ్ల మెకానిక్కులు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమైంది నాగూర్ భాయ్?"

అతను వాళ్ళ వంక చూడలేదు.

"ఏ ఆజ్ఞో రాయి. అందరూ చదువుతారు. మా బాజీకి ఏం చెప్పావో అది కూడా రాయి," అన్నాడు పలకతో, అరవకుండానే.