వెనిల్లా వెయ్యని కోడలు

తెల్లవారగానే కోడలు వెన్న కరిగించి, బ్రౌన్ షుగర్ వేసి, గుడ్లు గిలక్కొట్టింది. వీధి మలుపులోని టీ దుకాణానికి బార్లు, అంటే పలకల్లా కోసిన కేకు ముక్కలు, రోజూ ఆ వంటింటి నుంచే వెళ్తాయి. అత్తగారు నేర్పిన పని అది.

ఆ అత్తగారే ఇప్పుడు తలుపు చాటున నిలబడి కన్నార్పకుండా చూస్తోంది. కొన్నాళ్లుగా బార్లలో వెనిల్లా వాసన ఆవిడకు తగలడం లేదు. అందుకే ఓవెన్ వేడెక్కేలోగా కోడలు స్నానానికి వెళ్తే, పిండిలో తానే గుట్టుగా మూతెడు వెనిల్లా కలుపుతోంది. ఈరోజు రుజువు దొరికింది. కోడలు సీసా ముట్టుకోనే లేదు.

కట్టుకున్నవాడూ, తోబుట్టువులూ ఒక్కొక్కరే వెళ్లిపోగా మిగిలింది ఈ ఇల్లే. ఇక్కణ్ణుంచీ పంపేస్తారేమోనని ఆవిడకు అనుక్షణం బెంగ.

"ఒరేయ్, ఇలా రా! నీ పెళ్లాం నిర్వాకం చూడు. పిండిలో వెనిల్లా చుక్క లేదు!"

కొడుకు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "పొద్దున్నే పంచాయితీ ఏంటమ్మా?"

"నిజమేనండీ, వెయ్యలేదు" అంది కోడలు.

"విన్నావా! రుచి చెడగొట్టి, ముసల్దాని పద్ధతే మంచిది కాదని, నన్ను కూతురింటికి తోలేద్దామని!"

"మీరు వేస్తారుగా అత్తయ్యా. నేనూ వేస్తే చేదెక్కిపోతోంది. ఓసారి దుకాణం ఆయన ట్రే మొత్తం తిప్పి పంపేశాడు."

కోడలు సీసా మూత తీసి అత్తగారి ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన తెలుస్తోందా?"

"జలుబు చేసింది."

"ఎన్నాళ్ల జలుబమ్మా ఇది?" కొడుకు గొంతు మారింది. "గ్యాస్ లీకైతే నీకు తెలుస్తుందా?"

"ఇదిగో, ఇందుకే మీకు చెప్పలేదు" అంది కోడలు. "పొయ్యి దగ్గరికి రావద్దంటారు. వంటిల్లు లేకపోతే అత్తయ్య ఏమైపోతారు?"

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తనని వెళ్లగొడుతుందనుకున్న పిల్ల, తనకు అండగా నిలబడిందా ఇన్నాళ్లూ!

"పొయ్యి నేను వెలిగించనురా" అంది చివరికి. "కలపడం మాత్రం మానను."

"సరే. ముక్కు నాది, నోరెలాగూ మీదే" అంది కోడలు.

"నోరు మంచిది కాబట్టే నువ్వీమాత్రం నేర్చుకున్నావ్!"

ముగ్గురూ నవ్వారు. అత్తగారు సీసా అందుకుని, ఈసారి అందరి ఎదుటే పిండిలోకి వంపింది. ఆ వంటింట్లో ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, కోడలి ముఖంలోకి చూసి అడిగింది.

"సరిపోయిందా అమ్మాయీ?"

"ఇంకొక్క చుక్క, అత్తయ్యా."