వెండిరంగు కెమెరా

"ఏమండీ, చిన్నపిల్ల కదా అని ఏది పడితే అది అంటగడతారా?"

కొట్లో అడుగుపెడుతూనే సీతారావమ్మ కెమెరా డబ్బాను కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. పటమట నుంచి బస్సులో నిలబడే వచ్చింది. ఆ చిరాకు కూడా ఈ కోపంలో కలిసింది.

ఏడో తరగతి చదివే కూతురు ఉషశ్రీ ఆమె వెనకాలే నిలబడింది. చేతిలో మామయ్య ఇచ్చిన పాత ఫ్లాష్ ఉంది. మామయ్య ఒకప్పుడు పెళ్ళి ఫోటోలు తీసేవాడు. శనివారం స్కూల్ వార్షికోత్సవం. ఫోటోలు తీసే పని మార్త టీచర్ ఉషశ్రీకి అప్పగించారు. హాలు పెద్దది, పైగా చీకటి. అందుకే ఆ పెద్ద ఫ్లాష్ కావాలి.

కొట్టు యజమాని బసవపున్నయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏమైందమ్మా?"

"ఏమైందా! ఈ ఫ్లాష్ పడుతుందని చెప్పి అమ్మారంట. ఏదీ, పెట్టండి చూద్దాం! కెమెరా పైన నున్నగా ఉంది. ఎక్కడ పెడతారు, నా నెత్తి మీదా?"

"నేనలా చెప్పలేదమ్మా."

"అంటే మా పిల్ల అబద్ధాలకోరా?"

ఉషశ్రీ తల వంచుకుని చెప్పుల వంక చూసుకుంది.

నిన్న జరిగింది ఇదీ. ఇదే కొట్లో అమ్మ దూరంగా ఫ్యాను కింద కూర్చుని, "నాకు తెలీదు, నువ్వే చూసుకో" అంది. బసవపున్నయ్య రెండు డిజిటల్ కెమెరాలు చూపించాడు. నల్లది కాస్త లావు. పైన ఫ్లాష్ బిగించే గాడి ఉంది. వెండిరంగుది సన్నగా, తళతళలాడుతూ అచ్చం తన క్లాసులో చదివే కిరీటి కెమెరాలా ఉంది.

"ఫ్లాష్ ఉందన్నావుగా పాపా, నల్లది తీసుకో. వెండిరంగు దానికి బయటి ఫ్లాష్ పట్టదు" అన్నాడాయన.

"పడుతుందండీ. మా మామయ్య చూసే చెప్పాడు" అనేసింది ఉషశ్రీ. మామయ్య ఆ కెమెరాను చూడనే లేదు.

ఇంటికెళ్ళాక ఫ్లాష్ ఎక్కడా కూర్చోలేదు. అమ్మ అడిగితే, "పడుతుందని షాపాయనే అన్నాడమ్మా" అంది. కిరీటికి ఫోన్ చేసి కూడా అదే చెప్పింది. నాలుగుసార్లు చెప్పేసరికి తనకే ఆయన మీద కోపం వచ్చింది. పెద్దాయన కదా, గట్టిగా చెప్పొచ్చుగా!

"ముప్పయ్యేళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నాను. ఇట్టాంటి మాట ఎవరూ అన్లేదమ్మా." బసవపున్నయ్య కళ్ళజోడు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"మొహాన అనలేదేమో! వెనకాల అనుకునే ఉంటారు!"

కౌంటర్ ఆ చివర మంగళగిరి నుంచి వచ్చిన భార్యాభర్తలు కెమెరాలు చూస్తున్నారు. భార్య భర్తను మోచేత్తో పొడిచింది. "లేవండి. ఇంకో కొట్టు చూద్దాం. ఇక్కడ మోసంలా ఉంది."

ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

బసవపున్నయ్య వాళ్ళ వంకే చూశాడు. తర్వాత అద్దాల బీరువాలోంచి నల్ల కెమెరా తీసి ముందు పెట్టాడు. "గొడవెందుకమ్మా. ఇది తీసుకెళ్ళండి."

"చూశావా!" అంది అమ్మ కూతురితో. "గట్టిగా అడిగితేగానీ దిగిరారు."

ఉషశ్రీ ఫ్లాష్‌ను గాడిలోకి తోసింది. టక్కున కూర్చుంది. ఇంకేం, నోరు మూసుకుంటే చాలు.

కానీ ఆయన, ఆ ఇద్దరూ వదిలేసి వెళ్ళిన కెమెరాలను ఒక్కొక్కటే తుడిచి లోపల పెట్టేస్తున్నాడు. ఎవరి వంకా చూడటం లేదు.

ఉషశ్రీ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తింది.

"అంకుల్! ఆంటీ! ఆగండి! ఆయన మోసం చెయ్యలేదు. ఫ్లాష్ పట్టదని ముందే చెప్పారు. నేనే ఆయనకి అబద్ధం చెప్పాను. మా అమ్మకీ చెప్పాను."

"ఓసి పిడుగా! పెద్దాయన్ని ఎన్ని మాటలనిపించావే!" అంది ఆవిడ.

"తప్పేనండీ. లోపలికి రండి, ప్లీజ్."

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆమె మొహం కందగడ్డలా అయింది.

"ఇంటికి పద, నీ పని చెబుతా!" అని గుడ్లురిమి, కౌంటర్ వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, నోరు పారేసుకున్నాను. ఏమీ అనుకోకండి."

"అనుకోకుండా ఎట్టా ఉంటానమ్మా? నలుగురిలో అన్నారు." ఆయన కోపం ఇంకా తగ్గలేదు. కానీ మంగళగిరి వాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చోవడం చూసి గొంతు తగ్గించాడు. "పోన్లే, ఆ నల్ల కెమెరాయే తీసుకెళ్ళండి."

ఉషశ్రీ నల్ల కెమెరా నుంచి ఫ్లాష్ ఊడదీసింది. కెమెరాను రెండు చేతులతో వెనక్కి జరిపింది.

"వద్దండీ. ఇది మీరు గొడవకి భయపడి ఇచ్చారు."

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. వెండిరంగు కెమెరాలోనే ఉన్న చిన్న ఫ్లాష్ వెలుగు నాలుగడుగులు దాటితే అందడం లేదు. ఉషశ్రీ స్టేజీ అంచునే నేలమీద గొంతుక్కూర్చుని ఫోటోలు తీస్తోంది.

కిరీటి వచ్చి నవ్వాడు. "పెద్ద ఫ్లాష్ అని కోతలు కోశావుగా, ఏదీ? ఆ షాపాయన బాగా మోసం చేశాడు కదూ?"

"లేదు. ఆయన సరిగ్గానే చెప్పారు. నేనే అబద్ధమాడాను. నీకూ అబద్ధమే చెప్పాను" అని, ఉషశ్రీ కెమెరా పట్టుకుని ఇంకో అడుగు ముందుకు జరిగింది.