మాట అందించిన అక్షయ

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు అక్కడక్కడా జారిపోయి ఉంటాయి, రాయడమూ మెల్లగానే సాగుతుంది. కానీ కథను మధ్యలో వదిలిపెట్టను.

శ్రీకాంత్ నంద్యాలలో ఆ మేడ మెట్లెక్కిన రోజు వాన కురుస్తోంది. కింద మిరపకాయ బజ్జీల కొట్టు, పైన 'స్టేజీ మీద మాట్లాడుట నేర్పబడును' అన్న బోర్డు. లోపల ఒక అమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద లావుపాటి డిక్షనరీ పెట్టుకుని "ఆ..." అని అరుస్తోంది.

అతను హడలిపోయాడు. "ఏమైంది మేడం? అంబులెన్స్ పిలవాల్నా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "ఊపిరి సాధన చేస్తాండా. నువ్వెవరప్పా?"

"శ్రీ... శ్రీ... శ్రీకాంత్."

"ఒక శ్రీ చాలదా?"

ఆమె పేరు అక్షయ. తండ్రి సంజీవయ్య ఆళ్లగడ్డలో డ్రామా మేస్టరు. హార్మోనియం ముందు కూర్చుని చుట్టుపక్కల ఊళ్ల రైతులకు పద్యనాటకాలు నేర్పి ఆడిస్తాడు. చిన్నప్పటినుంచీ తెర వెనక నిలబడి, వేషం కట్టినవాళ్లు మరిచిపోయిన మాట అందించడం అక్షయ పని. ఆ విద్యతోనే ఇప్పుడు మైకంటే భయపడేవాళ్లకు మాట్లాడటం నేర్పుతోంది.

శ్రీకాంత్‌ది విత్తనాల కంపెనీలో కొత్త ఉద్యోగం. శనగ విత్తనానికి మందు ఎలా పట్టించాలో ఒక్క రైతుకైతే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. జనం గుంపుగా కనబడితే మాత్రం గొంతు మూతపడుతుంది. ఆళ్లగడ్డ రైతుల మీటింగులో నోరు తెరవకపోతే ఆత్మకూరు గోడౌనుకు పంపిస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు.

"పండుకో," అంది అక్షయ.

"ఈడనా?"

డిక్షనరీ అతని పొట్ట మీదికి మారింది. "మాట ఆన్నుంచి రావాల. పుస్తకం లేయాల."

మరుసటి వారం రాజు వేషంలో నడవమంది. "రాజా? బస్సు తప్పిపోయినోని మాదిరి ఉండావు. సింహాసనం నీదేనప్పా, బేగా పోయి సీటు పట్టుకోవాల్సిన పని లేదు."

ఆ తర్వాత కిటికీ దగ్గర నిలబెట్టింది. "కింద బజ్జీలేసే రెబెకక్కకు వినపడాల."

"రైతు సోదరులారా!" అని అరిచాడు శ్రీకాంత్.

"ఎన్ని ప్లేట్లప్పా?" అంది రెబెకక్క కిందనుంచి.

చూపు పాఠం కూడా అయింది. "భయమేస్తే చివరి వరుసలో ఒక మొహాన్నే చూడు."

"ఈడ ఉండేది మీ మొహం ఒకటే."

"అయితే దాన్నే చూడు."

చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత చెప్పాల్సిన పాఠం అక్షయకు గుర్తు రాలేదు. "అప్పుడప్పుడు రెప్ప గూడా కొట్టాల సారూ," అని తలుపు వైపు తిరిగింది. తిరిగి, ఏమీ ఎరగనట్టు అంది: "ఆదివారం ఉయ్యాలవాడనుంచి సంబంధమోళ్లు వస్తాండారు. నువ్వేమన్నా చెప్తావా?"

శ్రీకాంత్ నోరు తెరిచాడు. "శ..."

"ఊఁ?"

"శనగలు... శుద్ధి..."

"శనగలంట!" అక్షయ విసురుగా డిక్షనరీ మూసేసింది.

అయినా మీటింగు రోజు వెనకనుంచి మాట అందించమని అతను బతిమాలితే కాదనలేకపోయింది. ఆళ్లగడ్డలో షామియానా వేశారు. స్టేజీ మీద కట్టిన ఫ్లెక్సీ వెనక అక్షయ నిలబడింది. ఆమె మెల్లగా ఒక వాక్యం అందించడం, అతను పొట్టలోంచి గొంతు లాగి మైకులో వదలడం. రైతులు బీడీలు పక్కన పెట్టి వింటున్నారు.

అంతలో తన చేనికి విత్తనాల కోసం వచ్చిన సంజీవయ్య ఫ్లెక్సీ కింద కూతురి చెప్పులు గుర్తుపట్టాడు. నేరుగా వెనక్కి వచ్చాడు.

"ఏమ్మే, ఈడేం చేస్తాండావ్? ఆదివారం రావాల్నా అని ఉయ్యాలవాడోళ్లు ఫోన్ చేస్తాండారు. ఏం చెప్పమంటావ్?"

అక్షయకు ఒళ్లు మండింది. "రావొద్దని చెప్పు నాయనా! నేను శ్రీకాంత్‌నే చేసుకుంటా!"

వెనకనుంచి వచ్చిన మాటను వచ్చినట్టే పలకడం శ్రీకాంత్‌కు అలవాటైపోయింది. రాజులా చెయ్యెత్తి, మైకు అదిరేలా అన్నాడు: "రావొద్దని చెప్పు నాయనా! నేను శ్రీకాంత్‌నే చేసుకుంటా!"

షామియానాలో ఒక రైతు లేచాడు. "నిన్ను నువ్వే చేసుకుంటావాప్పా?"

నవ్వులకు కుర్చీలు కదిలాయి. ఫ్లెక్సీ పక్కకు తోసుకుని సంజీవయ్య స్టేజీ మీదికి వచ్చాడు. శ్రీకాంత్ వెనక్కి చూశాడు. అక్షయ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇక అందించేవాళ్లు లేరు.

మేనేజరు ముందు వరుసలోంచి గుర్రుగా చూస్తున్నాడు. అయినా శ్రీకాంత్ మైకు వదల్లేదు.

"అది ఆ పిల్ల మాట మేస్టరూ. నా మాట నేను చెప్తా. మీ పాపంటే నాకు శానా ఇష్టం. మొన్న ఆమె అడిగితే శనగలన్న్యా, బుద్ధి లేక. మీరు తిట్టాలంటే తిట్టండి. కానీ ముందు ఈళ్లకు విత్తనం సంగతి చెప్పనీండి. నాకు ఉద్యోగం లేకుంటే మీరు పిల్లనెట్లిస్తారు?"

ఈలలు మోగాయి. సంజీవయ్య దిగిపోయి, మేనేజరు పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. శ్రీకాంత్ మొదలుపెట్టాడు. తడబడ్డాడు, ఆగాడు, మళ్లీ అందుకున్నాడు. ప్రతి మాటా అతనిదే.

చివర్లో సంజీవయ్య చెయ్యెత్తాడు. "మందు పట్టించినంక ఎండలో ఆరబెట్టాల్నా, నీడలోనా?"

"నీడలోనే మామా."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. జనం గోల చేశారు. మేనేజరు కూడా చప్పట్లు కొట్టి, "ఆత్మకూరుకు ఇంకెవరినన్నా చూడాల," అని గొణుక్కున్నాడు.

సంజీవయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మైకు ముందర ఎవరైనా మాట్లాడ్తారు. పద ఇంటికి. మీ అత్త ముందర నిలబడి ఇదే మాట చెప్పు, చూస్తాం. ఏమ్మే అక్షయా, నువ్వు నోరెత్తాకు!"

రాసింది సుబ్బలక్ష్మి, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది కోయిలకుంట్ల.