మైకు ఆన్‌లోనే ఉంది

"వైరు తొక్కకండి! కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచి, తలెత్తి చూసి, మనవాడు నాలుక్కరుచుకున్నాడు.

వైరు మీద కాలేసి నిలబడింది ఎవరో కాదు, బేకరీ ఆవిడ. మనవాడి పాపా, ఆవిడ బాబూ ఒకే డే కేర్‌కి వెళ్తారు. రోజూ సాయంత్రం ఆ గేటు దగ్గర మనవాడి కళ్ళు ఆవిడ కోసమే వెతికేవి. ఆవిడ ముంజేతి మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కేకు మీది క్రీమ్ అంటుకుని ఉంటుంది. చెప్దామనుకుంటాడు, చెప్పడు. చెబితే తుడిచేసుకుంటుందిగా!

"నెత్తికెక్కింది నా కళ్ళా, మీ కళ్ళా టెస్టింగ్ గారూ?" అంది ఆవిడ, కాలు తీయకుండానే.

మనవాడిది మైకు సెట్టు పని. పెళ్ళయినా మీటింగయినా 'హలో, టెస్టింగ్' అనకుండా రోజు గడవదు కాబట్టి ఆవిడ పెట్టిన పేరది. అలా పిలిచి చాన్నాళ్ళయింది. ఈమధ్య ఆవిడ ముందు గేటు మానేసి వెనక గేటు నుంచి బాబుని తీసుకుపోతోంది. ఎందుకో మనవాడికి అంతుపట్టలేదు.

"మీరేంటండీ ఇక్కడ?" అన్నాడు.

"మా పక్కింటి పెద్దమ్మకి తోడొచ్చాను. మరి మీరో?"

"నేనా? మైకు పెట్టడానికి. ఇంకెందుకొస్తాను?"

అది సగం నిజం. ఆ హాల్లో ఆ రోజు సంక్షేమ ఆఫీసు వాళ్ళ మీటింగు. ఆదాయం తక్కువున్న తల్లిదండ్రులకి పిల్లల డే కేర్ ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం ఒకటుంది. దాని రూల్సు మారాయని అందరి ఫోన్లకీ మెసేజీ వచ్చింది. ఏం మారాయో ఆ మెసేజీ రాసినవాడికైనా అర్థమైందో లేదో! మనవాడికీ వచ్చింది. 'పని గంటలు చూపని నెలకు సాయం ఉండదు' అన్న ఒక్క ముక్క మాత్రం అర్థమైంది. పెళ్ళిళ్ళ రోజుల్లో మైకు సెట్టుకి తీరికుండదు, మిగతా రోజుల్లో పనుండదు. సాయం ఆగితే పాపకి డే కేర్ లేదు. వాళ్ళమ్మ విడిపోయి వెళ్ళిపోయాక ఇంట్లో చూసుకునే దిక్కు ఇంకొకరు లేరు. పాపని స్పీకర్ల మధ్య కూర్చోబెట్టుకుని పని చేయాలి.

అడిగి తెలుసుకోవచ్చుగా? తెలుసుకోవచ్చు. కానీ బేకరీ ఆవిడ ముందు ఎలా అడుగుతాడు! ఒకసారి గేటు దగ్గర ఫీజుల మాట వస్తే, "ఆ సాయాలూ అవీ మనకెందుకండీ, చేతకానివాళ్ళకి గానీ" అని మీసం మెలేసినంత పని చేశాడు. ఆ మాట ఎందుకన్నాడో దేవుడికెరుక. ఇంటికెళ్ళి అద్దంలో తన మొహం తనే చూసుకోలేకపోయాడు.

ఆఫీసరు మేడమ్ మంచావిడే. కానీ కాగితం చూసి ఆవిడ చదివింది ఎవరి బుర్రకీ ఎక్కలేదు. "అర్థమైందా? సందేహాలుంటే అడగండి" అంది. అందరూ గోళ్ళు చూసుకున్నారు. ఒకాయన తిరుగుతున్న ఫ్యానుని పరీక్షగా చూశాడు. అర్థం కాలేదని చెప్పడం ఒక సిగ్గు, సాయం తీసుకుంటున్నానని పదిమందిలో తెలియడం ఇంకో సిగ్గు.

"సరే, టీ తాగండి. ఏమైనా మార్పించుకోవాలంటే ఇవాళే కౌంటర్లో చెప్పాలి. రేపటి నుంచి కుదరదు."

ఇవాళే అనేసరికి మనవాడు ఇంక కూర్చోలేకపోయాడు. సౌండు పెంచి తగ్గించే మిక్సర్ ముందు నుంచి లేచి పిల్లిలా మేడమ్ పక్కకి చేరాడు.

"మేడమ్, చిన్న సందేహమండీ. నాకు కాదు. తెలిసినవాడొకడున్నాడు."

"ఏం పని చేస్తాడు?"

"మైకు... అలాంటి పనేనండీ. ఒక నెల ఊపిరాడదు, ఒక నెల ఈగలు తోలుకోవడమే. పని లేని నెల సాయం ఆగిపోతుందాండీ?"

"పిల్లలెంతమంది?"

"ఒక్కతే పాప. ఊదారంగు చెప్పులు వేస్తే గానీ గడప దాటదు. జడ కూడా నేనే వేయాలి... అంటే, వాడే వేయాలి."

మేడమ్ పెదాలు బిగబట్టింది. "మరి ఆయనే రావచ్చుగా?"

"సిగ్గండీ వాడికి. హాల్లో ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గర గొప్పలు పోయాడు. ఆవిడంటే వాడికి..."

అప్పుడు వినపడింది. తన గొంతే, హాలు నాలుగు మూలల నుంచీ.

మైకు సెట్టువాడికి ఇలాంటి గతి పడుతుందా అంటే, మైకు సెట్టువాడికే పడుతుంది. మాట్లాడేవాళ్ళు మైకు స్విచ్చు కెలక్కుండా దాని మీద ప్లాస్టరు అంటించేయడం మనవాడి అలవాటు. తగ్గించాలన్నా ఆపాలన్నా మిక్సర్ దగ్గర తనే ఉండాలి. ఆ తనే లేచి మైకు ముందుకొస్తే ఇంక ఆపేదెవరు?

టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా గొల్లుమంది. మనవాడి చెవులు కాలిపోయాయి. అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. బేకరీ ఆవిడ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆవిడ తిన్నగా మైకు దగ్గరికొచ్చింది. మొహం జేవురించి ఉంది.

"నవ్వింది చాలు. నాదీ అదే ప్రశ్న," అంది మైకులో. "ఆర్డర్లుంటే బేకరీలో పని, లేకపోతే ఇంట్లో కూర్చోమంటారు. బాబుని నేనొక్కదాన్నే పెంచుతున్నాను. ఏ పెద్దమ్మకీ తోడు రాలేదు, నా కోసమే వచ్చాను. పని లేని నెల మా గతేంటి మేడమ్?"

ఆవిడ మాట ఆగలేదు. నవ్వులే ఆగిపోయాయి.

ఫ్యాను చూసినాయన మెల్లగా చెయ్యెత్తాడు. "నాదీ అదేనమ్మా. గోడలకి రంగులేస్తాను. వానలు పడితే పనుండదు." ఆ తర్వాత ఎటు చూసినా చేతులే.

మేడమ్ కాగితం పక్కన పెట్టింది. "పని ఒకేలా ఉండనివాళ్ళకి ఏడాది మొత్తం గంటలు కలిపి సగటు చూస్తాం. అప్పుడు ఖాళీ నెలల్లో కూడా సాయం ఆగదు. కానీ అలా చూడమని మీరే నోరు తెరిచి అడగాలి. అడగకపోతే నెలనెలా చూస్తారు, పని లేని నెల ఆగిపోతుంది."

అంతే. ఇంత చిన్న సంగతి! అందరూ బిలబిలా వరండాలో కౌంటరు వైపు నడిచారు. మనవాడు మాత్రం మైకు పక్కనే తల వంచుకుని, మిగిలిన వైర్లు చుడుతూ కూర్చున్నాడు. ఆ లైన్లో నిలబడి అందరి మొహాలూ చూసే ధైర్యం లేకపోయింది.

"సాయాలు చేతకానివాళ్ళకి గానీ మనకెందుకు. అంతేగా?"

బేకరీ ఆవిడే. ఎదురుగా నిలబడింది.

"ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు తెలుసా? ఈయనకి తెలిస్తే నన్ను పురుగులా చూస్తాడని వెనక గేటు పట్టాను. బాబుని చంకనేసుకుని చుట్టు తిరిగి పోతున్నాను. మీరూ తీసుకుంటూనే అన్నారా ఆ మాట!"

"తప్పయిపోయిందండీ. మీరెక్కడ తక్కువగా చూస్తారోనని గొప్పలకి పోయి, మిమ్మల్నే తక్కువ చేశాను. తల ఎత్తలేకపోతున్నాను."

"ఎత్తకండి. కాసేపు అలాగే ఉండండి."

ఉన్నాడు. ఆవిడ వెళ్ళలేదు.

"ఇందాక ఒక మాట సగంలో ఆపారు. ఆవిడంటే వాడికి... ఏంటి?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని గుర్తొచ్చి మనవాడు గబుక్కున దాని వైరు పీకబోయాడు.

"ఉంచండి. సగం అందరికీ వినిపించారు. మిగతా సగం దాచడమెందుకు?"

"వాడికి కాదండీ, నాకు," అన్నాడు మనవాడు ఈసారి తలెత్తి. "మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం."

వరండాలో లైనంతా "ఓహో" అంది.

ఆవిడ మొహం తిప్పేసుకుంది. నవ్వు దాచుకోవడం చేతకాలేదు. "నీ ఇష్టం సంగతి తర్వాత. ముందు లైన్లోకి పద. కౌంటరు మూసేస్తే పాపని ఏం చేస్తావ్?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

లైన్లో నిలబడ్డాక మనవాడు మెల్లగా, "చేతి మీద క్రీమ్ ఉంది" అన్నాడు.

"తెలుసు. ఎప్పటికి చెప్తావోనని చూస్తున్నాను."

కౌంటరు గుమస్తా తలెత్తకుండానే, "ఏం కావాలి? గట్టిగా చెప్పండి" అన్నాడు.

వెనక లైనంతా వింటోంది. మనవాడి మొహం మళ్ళీ వేడెక్కింది. అయినా గొంతు సవరించుకున్నాడు. "నాకు ఏడాది సగటు చూడాలండీ. మా పాప డే కేర్ కోసం" అన్నాడు, మైకు లేకుండానే హాలు దాకా వినపడేలా.

"నాకూ అదే" అంది ఆవిడ.

"ఇద్దరిదీ ఒకే కుటుంబమా, వేర్వేరా? ఒకటైతే మళ్ళీ రూలు మారుతుంది."

"వేర్వేరండీ!" అన్నాడు మనవాడు కంగారుగా.

"ప్రస్తుతానికి అని రాసుకోండి" అంది బేకరీ ఆవిడ.