పన్నెండు కొట్టినా మూయని దుకాణం

“ఓడిల్, ఆ పళ్లెం నువ్వే కొనాలి,” అన్నాడు చీఫ్ గోత్రో, కారు దిగకుండానే.

ఏజెంట్ ఓడిల్‌కు ఇలాంటి పని కొత్త. పదిహేనేళ్లుగా ఆఫీసులో కూర్చుని కోడ్ సందేశాలు విప్పుతోందే తప్ప, పిస్టల్‌కు ఎదురు నిలబడ్డ మనిషి కాదు.

“మోర్వాన్ పాత సామాన్ల దుకాణం. విరిగి, ఇనప కుట్లు వేసిన పింగాణీ పళ్లేలు నాలుగు వందలుంటాయి. అంచున నీలం తుమ్మెద ఉన్నది మనది. మూడో కుట్టు కింద మైక్రోఫిల్మ్. శత్రుదేశంలో ఉన్న మనవాళ్లు పదకొండు మంది పేర్లు. మొదటిది మీ తమ్ముడిది.”

“మా తియెరీదా?”

“అది పరాయి చేతిలో పడితే రేపటికి తియెరీ ఉండడు. మోర్వాన్‌కి నడుం పట్టేసిందట, మన ఏజెంట్ సొలాంజ్ పొద్దున ఫోన్ చేసింది. దుకాణంలో తనే ఉంది. పుట్టింది పెరిగింది ఇక్కడే, రువాన్‌లోనే అని ఫైల్లో ఉంది.”

ఫైల్లో ఉందట! చీఫ్‌లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఓడిల్ దుకాణంలో అడుగు పెట్టేసరికి పన్నెండుకు పది నిమిషాలు. ఆకుపచ్చ పట్టు గౌను, ఎర్రటి పెదాలతో సొలాంజ్ నవ్వింది.

“బోంజూర్. జత పళ్లేలు దొరుకుతాయా?” కోడ్ అడిగింది ఓడిల్.

“జత బాంబుల్లో పోయింది, మేడమ్.” సరైన జవాబే. “ఏది కావాలో చూపించండి.”

వరస వరసా వెతగ్గా వెతగ్గా ఓడిల్ కళ్లు తుమ్మెదను పట్టేశాయి. కింది వరస, కిటికీ పక్కన. చెయ్యి చాపబోతుండగా చర్చి గంట పన్నెండు కొట్టింది. వీధిలో షట్టర్లన్నీ దడదడా దిగాయి.

“తొందరేం లేదు. నింపాదిగా చూడండి,” అంది సొలాంజ్.

ఓడిల్ చెయ్యి ఆగిపోయింది. ఈ ఊళ్లో పన్నెండు కొడితే వ్యాపారి కన్నతల్లినైనా బయటికి పంపి తాళం వేసుకుంటాడు.

“మీకు... భోజనం వేళ కాలేదా?”

“దానికేముంది, రెండు బిస్కెట్లు తింటే సరి.”

ఓడిల్‌కు భయం వేసింది. ఇది రువాన్ మనిషి కాదు. మోర్వాన్‌ను ఏం చేసిందో! పారిపోతే వెనక నుంచి కాలుస్తుంది. ఒక్కటే ఆశ. ఈ వేళప్పుడు తెరిచి ఉన్న తలుపును ఎవరో ఒకరు చూడకపోరు.

“అదిగో, అన్నిటికన్నా పైన ఉన్నది,” అంది.

సొలాంజ్ నిచ్చెన వేసుకుని పళ్లెం దించింది. బల్లకేసి కొట్టింది. ముక్కల్లో ఏమీ లేదు. అప్పుడు లిప్‌స్టిక్ తీసి ఓడిల్ నుదుటికి గురిపెట్టింది.

“చాలమ్మా నాటకాలు. ఇందులో ఉన్నది రంగు కాదు, గుండు. మూడు లెక్కపెడతా. ఒకటి...”

ఓడిల్ కళ్ల ముందు తమ్ముడి ముఖం మెదిలింది. చెప్పకూడదు.

“రెండు...”

తలుపు గంట గణగణలాడింది. పక్క హోటల్ నడిపే లూసియెన్, పొగలు కక్కుతున్న గిన్నెతో లోపలికి దూసుకొచ్చింది.

“ఏడీ మోర్వాన్? పన్నెండు దాటిపోయింది, తలుపు బార్లా తెరిచుంది! ఇరవై ఏళ్లలో మా హోటల్‌కు భోజనానికి ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. పోయాడా ఏంటి? బోటీ కూర చల్లారిపోతోందని నేనే...”

సొలాంజ్ తల తిప్పింది. ఓడిల్ గిన్నె లాక్కుని ఆమె మీద కుమ్మరించింది. లిప్‌స్టిక్ పేలి, గుండు పైకప్పుకు తగిలింది. కూర వేడికి సొలాంజ్ కేకలు పెడుతూ కూలబడింది. లూసియెన్ ఖాళీ గిన్నె అందుకుని ఆమె నెత్తిన ఒకటి అంటించింది.

ఓడిల్ తుమ్మెద పళ్లెం గుండెకు హత్తుకుని, అక్కడే నేల మీద కూర్చుని భోరుమంది.

వెనక గదిలోని బీరువా తెరిస్తే, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు మోర్వాన్. నోట్లో గుడ్డ లాగగానే అడిగాడు: “టైమెంత? నా బోటీ కూర ఏదీ?”

లూసియెన్ ఆకుపచ్చ పట్టు గౌను వైపు చెయ్యి చూపించింది.

“ఇవాళ్టికి ఆవిడకు వడ్డించేశాం.”