నర్సవ్వ ఫోన్‌కి ఈల వేసిన మోడెమ్

“మీ సర్వర్ ఉపవాసంలో ఉందా సార్? పొద్దుట్నించి ఒక్క రింగు కూడా రాలేదు!”

ఫోన్లో అమ్మాయి గొంతు. మాట్లాడింది హిందీయే గానీ, ఘాటు మాత్రం గుంటూరు మిరపకాయది.

గుజరాతీ గడ్డ మీద, ఇచ్ఛాపూర్ కంట్రోల్ రూములో ఏసీ కింద కూర్చున్న సంపత్‌కి ఒళ్లు మండింది. అతను ఆ గ్యాస్ పైప్‌లైను కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరు. ఊరి చుట్టూ ఉన్న చిన్న చిన్న వాల్వ్ స్టేషన్లలో తలా ఒక మోడెమ్ ఉంటుంది. ఇక్కడి సర్వర్ టెలిఫోన్ లైను మీద వాటికి డయల్ చేసి, ప్రెషర్ ఎంతుంది, వాల్వ్ తెరిచి ఉందా మూసి ఉందా అని యోగక్షేమాలు కనుక్కుంటుంది. పాతకాలపు పద్ధతే. ఫైబర్ వేసేదాకా అదే దిక్కు. ఈమధ్యే సర్వర్ మార్చారు కాబట్టి ప్రతి కనెక్షనూ మళ్లీ మొదట్నించి పెట్టుకు రావాలి. ఆ పూట అమ్రోలి స్టేషన్ వంతు.

“సర్వర్ డయల్ చేస్తూనే ఉంది మేడమ్. మీ మోడెమే ఎత్తడం లేదు.”

“రింగే రాకపోతే ఏం ఎత్తుతుంది?”

“ఇంకోసారి సరిగ్గా చూడండి.”

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆపైన ఎవరూ వినట్లేదనుకున్న గొంతు, స్వచ్ఛమైన తెలుగులో: “ఏం పోరడు దొరికిండురా దేవుడా! నా తలకాయ తింటుండు.”

“పచ్చిదే తింటున్నానండీ. కనీసం ఉప్పూకారం కూడా వేసుకోలేదు,” అన్నాడు సంపత్.

అవతల ఫోను గబుక్కున మళ్లీ చేతికెక్కింది.

“అయ్యో... మీరు తెలుగోళ్లా సార్?” ఆ తరవాత ఏదో వైరు లాగిన శబ్దం. “జర ఆగుండ్రి. తప్పు నాదే. లైన్ వైరు పక్క సాకెట్ల గుచ్చిన. సారీ సార్, ఇప్పుడు కొట్టుండ్రి.”

సర్వర్ డయల్ చేసింది. మోడెమ్ ఎత్తింది. రెండూ కీచుకీచుమని పలకరించుకున్నాయి. కనెక్టెడ్ అని స్క్రీన్ మీద పచ్చగా వెలిగింది. తప్పు నాదే అని అంత తేలిగ్గా అనేసిన మనిషిని సంపత్ తన ఉద్యోగ జీవితంలో చూడలేదు. తను అయితే వైరు కంపెనీని తిట్టేవాడు.

ఆమె పేరు హారతి. పుట్టింది, పెరిగింది అదే ఊరి ఉధ్నా పేటలో. తండ్రి బుచ్చిరాములు సిరిసిల్ల నించి వచ్చి అక్కడి లూముల్లో, అంటే మరమగ్గాల్లో, కుదురుకున్నవాడు. డిప్లొమా చదివి, కొట్లాడి మరీ ఈ పనిలో చేరింది. ఆ కంపెనీలో ఒక స్టేషన్‌ని ఒంటిచేత్తో చూసుకోమని ఒక ఆడపిల్లకి అప్పగించడం అదే మొదలు. అందుకే అమ్రోలి అంటే ఆమెకి ప్రాణం.

వారం తిరక్కుండానే కొత్త మోడెమ్ ఇవ్వాలనే సాకుతో సంపత్ తాపీ నది దాటి అమ్రోలి వెళ్లాడు. జీపు దిగేసరికి వాన. హారతి గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అతను మురిసిపోయి తల వంచాడు. ఆమె గొడుగు తెచ్చి అతని చేతిలోని అట్టపెట్టె మీద పట్టింది.

“నేను తడుస్తున్నానండీ!”

“మీరు తడిస్తే ఆరుతరు సార్. ఇది తడిస్తే ఆరది.”

వానలో నిలబడి పళ్లికిలించే ఇంజనీరుని చూసి జీపు డ్రైవరు తల కొట్టుకున్నాడు. సంపత్ పని అయిపోయింది పాపం. మనసిచ్చేశాడు.

మర్నాడు అమ్రోలి కనెక్షన్‌కి చివరి పని మిగిలింది. అసలు లైను చెడిపోతే సర్వర్ ఏ నంబరుకి చేయాలో ఆ స్టాండ్‌బై నంబరు పెట్టాలి. స్టేషన్లో రెండో మోడెమ్ ఉన్నది అందుకే. సంపత్ స్క్రీన్ మీద ఆ గడి తెరిచి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే హారతి ఫోన్.

“సార్, నా ఫోన్ చార్జింగ్ అయిపోతున్నది. నేను ఇంటికి పోతున్న. ఏమన్న పనుంటే మా అమ్మ నంబర్‌కు చేయుండ్రి. రాసుకోండ్రి.”

ఆమె చెప్పింది. అతను రాసుకున్నాడు. ఎక్కడ రాసుకున్నాడంటారా? ఎదురుగా తెరిచి ఉన్న గడిలో. ముందు బయటి లైనుకి సున్నా, తరవాత కాస్త ఆగమని కామా, ఆపైన హారతి వాళ్లమ్మ నర్సవ్వ మొబైల్ నంబరు, పొల్లుపోకుండా. ఎన్నిసార్లు ప్రయత్నించాలి అని సర్వర్ అడిగితే, దొరికేదాకా అని నొక్కాడు. సేవ్ చేశాడు. వాళ్లమ్మ నంబరే ఇచ్చిందంటే అర్థమేమిటా అని కుర్చీలో గిరగిరా తిరిగాడు. ప్రేమలో పడ్డవాడి చేతికి కీబోర్డు ఇవ్వకూడదని పెద్దలు అననే లేదు గానీ, అనాల్సింది. స్టాండ్‌బైని కూడా టెస్టు చేయాలన్నది రూలు. అసలు లైను బాగానే ఉంది కదా, తరవాత చూద్దాంలే అనుకున్నాడు.

వానలు ముదిరాయి. అమ్రోలి కేబుల్లోకి నీళ్లు దూరి అసలు లైను చచ్చిపోయింది. సర్వర్ చెప్పిన పని చెప్పినట్టు మొదలుపెట్టింది.

ఉధ్నాలో నర్సవ్వ ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు. కాసేపటికి సన్నగా ఒక ఈల. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఈల.

“ఎవడ్రా నువ్వు? ఆడోళ్ల ఫోన్‌కు సీటీ కొడ్తవా? నీ నోట్ల మన్నువడ!”

సర్వర్‌కి సిగ్గా, శరమా? పెట్టేసి మళ్లీ చేసింది. నర్సవ్వ తెలుగులో తిట్టింది, హిందీలో తిట్టింది, తెలిసిన నాలుగు గుజరాతీ తిట్లూ ఖర్చుపెట్టింది. సాయంత్రానికల్లా సంగతి గల్లీ అంతా పాకింది. “పోరి నౌకరీ చేస్తది గద, ఎవడో ఎంటవడ్డడు” అని పక్కింటి వజ్రమ్మ తేల్చి చెప్పింది. ఇంటికొచ్చాక హారతి ఆ నంబరు చూసింది. ఇచ్ఛాపూర్ కంట్రోల్ రూముది. ఆమెకి అంతా అర్థమైంది. చెబితే మాత్రం గల్లీలో ఎవరు నమ్ముతారు?

మర్నాడు పొద్దున మేనేజరు భానుప్రకాశ్ మీటింగు పెట్టాడు. ఫోన్ స్పీకర్లో అన్ని స్టేషన్ల వాళ్లూ ఉన్నారు.

“నిన్నంతా అమ్రోలి నించి డేటా లేదు. స్టాండ్‌బైలో చూస్తే ఎవరిదో మొబైల్ నంబరు! ఎవరయ్యా పెట్టింది? ఏమయ్యా సంపత్?”

అందరూ అతన్నే చూస్తున్నారు.

“అది... సైటు నించి హారతి గారు చెప్పిన నంబరే సర్.”

ఇందులో అబద్ధం ఏముంది? ఆమె చెప్పిన నంబరే. సగం నిజం ఉంది చూశారూ, అది అబద్ధానికి మేనమామ. ఆ నంబరు మీకు ఇచ్చాను, స్టేషన్‌కి కాదు అని ఆమె అంతమందిలో అనలేకపోతుందని అతనికి తెలుసు. అంటే నవ్వేవాళ్లు ఎలా నవ్వుతారో కూడా తెలుసు. తెలిసే అన్నాడు.

స్పీకర్లో హారతి ఊపిరి తీసుకోవడం వినిపించింది.

“అందుకే ఆ పిల్లకి ఒంటరిగా స్టేషన్ వద్దన్నాను,” అన్నాడు భానుప్రకాశ్. “రేపట్నించి స్టోర్స్‌లో కూర్చోమనండి.”

“సరే సర్,” అంది హారతి. ఫోన్ పెట్టేసింది.

సంపత్ నంబరు సరిచేశాడు. సర్వర్ ఈలలు ఆపేసింది. అతని లోపలి రొద మాత్రం ఆగలేదు. ఆ రోజు క్యాంటీన్లో అన్నం ముందు కూర్చుని అలాగే లేచి వచ్చేశాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడ్డాడు. ఛీ, నేనింత పిరికివాడినా అని తనని తానే తిట్టుకున్నాడు. ఉండబట్టలేక ఆమెకి ఫోన్ చేశాడు.

“హారతి గారూ, నేను...”

“లైన్ల గురించైతే చెప్పుండ్రి సార్. ఇంకోటైతే వద్దు.”

“అప్పుడు నాకు భయమేసి...”

“వైరు తప్పు గుచ్చిన నాడు నాకు భయం కాలేదా? అయినా నేనే చెప్పిన గద. ఇంట్ల అమ్మ నా ఫోన్ గుంజుకొని చూస్తున్నది. వజ్రమ్మ నన్ను చూసి ముక్కు మీద వేలేసుకుంటున్నది. మీకు నేను అమ్మ నంబర్ ఇచ్చిన చూడుండ్రి, గదొక్కటే నా తప్పు.”

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

తరవాతి మీటింగులో ఎవరూ అడక్కుండానే సంపత్ లేచి నిలబడ్డాడు.

“సర్, ఆ నంబరు ఆవిడ స్టేషన్‌కి ఇవ్వలేదు. పనుంటే చేయమని నాకిచ్చారు. తప్పు గడిలో కొట్టింది నేను. టెస్టు చేయనిది నేను. ఆవిడ మీదకి తోసింది కూడా నేనే.”

భానుప్రకాశ్ కళ్లజోడు తీసి అతన్ని పైనించి కిందికి చూశాడు. “చదువుకున్నవాడివి కాదటయ్యా నువ్వు?” అన్నాడు. అంతే. ఆ మాట చాలదూ? సర్వర్ పని సంపత్ చేతిలోంచి పోయింది. అమ్రోలి మళ్లీ హారతి చేతికి వెళ్లింది.

కానీ ఆ పూటకింకా స్టోర్స్‌లోనే ఉన్న హారతి ఆ మీటింగులో లేదు. గల్లీ అంతకన్నా లేదు.

ఆదివారం మధ్యాహ్నం సంపత్ ఆటో దిగి, ఉధ్నాలో మోకాలి లోతు బురదలో ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పక్కనే లూముల కార్ఖానా. దడదడదడ. ఇల్లు గోడలతో సహా ఊగుతున్నట్టుంది. గడప ముందు స్టూలు మీద బుచ్చిరాములు కూర్చుని ఉన్నాడు. తలుపులో నర్సవ్వ.

“నమస్కారమండీ. ఆ ఫోన్లు మా సర్వర్ నించి వచ్చాయి. నంబరు తప్పుగా పెట్టింది నేను.”

“సీటీ కొట్టినోడివి నువ్వేనా!” నర్సవ్వ చేతికి చీపురు దొరికింది.

బుచ్చిరాములు చెయ్యెత్తి భార్యని ఆపాడు. చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు. “ఏందీ? మిషన్ల సప్పుడు బిడ్డా. గట్టిగ జెప్పు!”

“నంబరు తప్పుగా పెట్టింది నేనండీ!”

“ఇంక గట్టిగ!”

“తప్పు నాది! మీ అమ్మాయికి ఏ సంబంధమూ లేదు! ఆఫీసులో అబద్ధం చెప్పి ఆమె మీదకి తోశాను! నేనే!”

తలుపులు తెరుచుకున్నాయి. వజ్రమ్మ బయటికొచ్చింది. చాయ్ గ్లాసులతో మగవాళ్లు ఆగారు. సంపత్ చెవులు ఎర్రబడ్డాయి. భూమి చీలితే దూకేసేవాడే.

హారతి వచ్చి గడపలో నిలబడింది. “బాపూ, చాలు తియ్యి.”

“నువ్వాగు బిడ్డా. ఇంకేందో ఉన్నట్టున్నది లోపల.”

ఉంది మరి. సంపత్ కళ్లు మూసుకుని అరిచాడు. “మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం!” అప్పటికే బొంగురుపోయిన గొంతు చివరి మాట దగ్గర పూర్తిగా పోయింది.

“ఏందీ?” అన్నాడు బుచ్చిరాములు.

సంపత్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏం రాలేదు. హారతి అతని అవస్థ చూసింది. నవ్వు ఆపుకుంది, సిగ్గు మాత్రం ఆగలేదు.

“గాయనకు నేనంటే ఇష్టమట బాపూ!” అని అరిచింది.

“మరి నీకో?”

గల్లీ మొత్తం చెవులు రిక్కించింది.

“నాకు మస్తు కోపమున్నది!” అని ఇంకా గట్టిగా అరిచి, తల దించుకుని, ఎవరికీ వినపడకుండా పెదాల మీదే ఏదో అనుకుంది. రెండు గజాల దూరంలో ఉన్న సంపత్‌కే వినపడలేదు.

“కోపం పోతదట,” అన్నాడు బుచ్చిరాములు స్టూలు మీంచి. “జర టైం పడ్తదట. నర్సవ్వా, చీపురు వెట్టి చాయ్ వెట్టు.”

సంపత్ నోరెళ్లబెట్టాడు. హారతి ముఖం చేతుల్లో దాచుకుంది. “లూముల కాడ ఏం వినవడ్తది సార్? అందరు పెదాలు జూసే మాట్లాడుకుంటరు.”

“అంటే... నేను మొదటిసారి చెప్పినప్పుడే...” సంపత్ గుసగుసలాడాడు.

బుచ్చిరాములు లేచి, స్టూలు అతని వైపు జరిపాడు.

“నాకు అప్పుడే సమజైంది బిడ్డా,” అన్నాడు. “సమజ్ కావల్సింది గల్లీకి.”